మంగళవారం బెంగుళూరు బస్సు

సార్ పోయారన్న కబురు నేను ఓపీలో ఉండగా వచ్చింది. గుమ్మఘట్ట నుంచి వచ్చిన ముసలాయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఉన్నాను. "ఏమప్పా, నా గుండె అంత బాగలేదా?" అని ఆయన భయపడ్డాడు. స్టెతస్కోపు అక్కడే ఆనించి ఎంతసేపు ఉండిపోయానో అప్పుడు తెలిసింది. సార్ ఇంట్లో పేపరు చదువుతూ గుండెపోటుతో పోయారట. ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికి నాలుగుసార్లు లేచాను. కుదురులేని మనిషిని. ఈ మాత్రం నిలిచానంటే ఆయన చలవే.

అనంతపురంలో మేం పనిచేసిన ఆసుపత్రికి ఆయన పెద్ద డాక్టరు. రోగి చనిపోతే ఇంటివాళ్లకు తానే చెప్పేవారు, అదీ వాళ్ల పక్కన నేల మీద కూర్చుని. నెలకో మంగళవారం సెలవు పెట్టి బెంగుళూరు బస్సెక్కేవారు. ఎందుకో చెప్పరు. అక్కడ చిన్నిల్లు ఉందని ఆసుపత్రంతా గుసగుసలు. నేనూ నవ్వాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వరుసగా వానలు మొహం చాటేసిన ఏళ్లవి. వేరుశనగ ఎండిపోయి, పురుగుల మందు తాగిన రైతులను ఆటోల్లో తెచ్చేవాళ్లు. ఒకే వారంలో ముగ్గురు నా చేతుల్లో పోయారు. మూడో అతనిది నా వయసే. ఆ తర్వాత డ్యూటీ దిగి ఇంటికి పోతూ సగం దారిలో బండి వెనక్కి తిప్పేవాణ్ని. డోసు సరిగ్గా రాశానా? సెలైన్ ఎక్కుతోందా? చూసి వెళ్లి, మళ్లీ వచ్చేవాణ్ని. అన్నం సయించదు. రాజీనామా కాగితం జేబులో పెట్టుకుని తిరిగాను. అంతకంటే చెడ్డ ఆలోచనలూ వచ్చాయి, దాచను.

ఒక మధ్యాహ్నం మూడోసారి తిరిగొస్తుంటే సార్ గేటు దగ్గర నా బండి ఆపి తాళం లాక్కున్నారు.

"ఏమప్పా, మళ్లా యాడికి?"

"నాలుగో బెడ్ చూసి పోతా సార్."

"ఆ బెడ్ ఇప్పుడు నీది కాదు. రేపు మంగళవారం. నాతో బెంగుళూరు వస్తాండావు."

"నేనెందుకు సార్, ఆమె..." అని నాలుక కరుచుకున్నాను.

ఆయన పగలబడి నవ్వారు. "ఆమె సైకియాట్రిస్టప్పా. పన్నెండేండ్ల నుంచి ఆమె రాసిచ్చే మాత్రలు మింగుతాండా. చిన్నిల్లు ఉండాదంటే నవ్వి వదిలేస్తారు. పిచ్చికి మందు తింటాడంటే నా దగ్గరికి ఎవరొస్తారు?"

"ఇంట్లో అమ్మగారికి తెలుసా సార్?"

"బస్సులోకి చిత్రాన్నం కట్టిచ్చేది ఆమే కదప్పా!"

మర్నాడు బస్టాండులో జనం తోసుకుంటుంటే, ఆయన కిటికీలోంచి తువ్వాలు విసిరి రెండు సీట్లు పట్టారు. పెనుకొండ దాటాక చిత్రాన్నం పొట్లం విప్పి నాకు సగం పెట్టారు. తర్వాత మెల్లగా అన్నారు: "ఇంటికి పోయినా వార్డు తలలోనే తిరుగుతాంటాది. నాకూ అంతే. మాత్ర మింగితే అది పోదు, ఒకపక్కకు కూర్చుంటాది." ఆ రోజు నుంచి ప్రతి నెలా కలిసే వెళ్లాం. నాకూ చిన్నిల్లు అంటగట్టారు. నేనూ ఊరుకున్నాను.

కబురందిన రోజు నేను వెళ్లేసరికి సార్‌ను ఇంటి వరండాలో పడుకోబెట్టారు. కాసేపటికి టాక్సీ ఆగి, తల నెరిసిన ఒకామె దిగింది. "ఆమేనంట" అని ఎవరో మోచేత్తో పొడిచారు. సార్ భార్య లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని, అందరికీ వినబడేలా చెప్పింది.

"మా ఆయనకు మనసు బాగలేకుంటే చూసిన డాక్టరమ్మ ఈమె. ఈమె లేకుంటే ఆయన నాకు ఇన్నేండ్లు దక్కేవాడు కాదు."

నా ఉద్యోగం, ఊళ్లో నా పేరు, అన్నీ కళ్లముందు తిరిగాయి. లేచి పోదామనిపించింది. లేచాను కూడా.

"నాకూ ఈమే డాక్టరమ్మ," అన్నాను.

మర్నాడు నా ఓపీలో జనం పలచబడ్డారు. మధ్యాహ్నం క్యాజువాల్టీలో పనిచేసే డాక్టరమ్మాయి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాదు, వెనక్కి పోదు.

"అన్నా, ఆ బస్సు ఎన్నింటికి?"

ఈ మంగళవారం బస్టాండు ఎప్పటిలాగే కిటకిటలాడింది. నేను భుజం మీది తువ్వాలు తీసి, కిటికీలోంచి రెండు సీట్ల మీద పడేటట్టు విసిరాను.