అత్త గది, నాన్న గేటు

మా మేనత్త పోయిందన్న కబురు జనగామలో నాకు అందిన రోజు, ప్రత్యేక రాష్ట్రం కోసం మళ్లీ బంద్. బస్సుల్లేవు. ఎవరిదో బండి అడుక్కుని మా ఊరు కొడకండ్ల చేరాను. దారిపొడవునా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. చల్లారాక రాస్తే అందరినీ మంచివాళ్లను చేసేస్తానేమోనని భయం.

అత్త సైన్యంలో నర్సు. సరిహద్దు ఆసుపత్రుల్లో చేసి చేసి ఇంటికి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. ఎక్కడ కూర్చున్నా తలుపు కనిపించేలా కూర్చునేది. వచ్చిన ఏడాదే, ఎవరి పెళ్లి బారాత్‌లోనో టపాకాయలు పేలితే మంచం కిందికి దూరింది. మా నాన్న, అంటే ఆమె సొంత అన్న, భూతవైద్యుణ్ణి పిలిపించి వేపమండలతో కొట్టించాడు. ఊళ్లో పెద్దమనిషి కదా! చెల్లెలికి మనసు బాగాలేదంటే పరువు పోతుంది, దయ్యం పట్టిందంటే పోదు. మాజీ సైనికుల సాయం కోసం అత్త ఒక ఆఫీసుకు వెళ్తే, బల్ల వెనుక మనిషి "మీ ఆయన ఏ రెజిమెంటమ్మా?" అన్నాడట. "ఆయన లేడు. పటాలంల జేసింది నేనే" అని చెప్పి వచ్చేసింది.

ఇక తన వైద్యం తానే మొదలుపెట్టింది. తనలాగే సైన్యంలో నర్సులుగా చేసి, ఇంట్లో చెప్పుకోలేక నలిగిపోతున్న ఇద్దరిని వెతికి పట్టుకుంది. ఒకామెది నెల్లికుదురు దగ్గరి తండా, ఇంకొకామెది భూపాలపల్లి. ప్రతి గురువారం మా పెరటి గదిలో కూర్చుని, ఉతికిన పాత చీరలు చింపి కట్టుగుడ్డలు చుట్టేవాళ్లు. ధర్నాల్లో లాఠీదెబ్బలు తిన్న పిల్లలకు అవి పనికొచ్చేవి. "చేతులకు పనుంటే మనిషి నిమ్మలంగ మాట్లాడుతది బిడ్డా" అనేది అత్త. ఏమైందని ఎవరినీ అడగనిచ్చేది కాదు. "రాత్రి నిద్ర వట్టిందా?" అన్నదొక్కటే ప్రశ్న.

జనం రైలు పట్టాల మీద కూర్చున్న రోజుల్లో, తండా అక్క మానుకోట దిక్కునున్న తన ఊరి నుంచి కొంత నడిచి, కొంత ట్రాక్టరెక్కి వచ్చింది. వారంగా నిద్ర లేదు, బతకాలని లేదు, అది అత్తకు చెప్పుకోవాలి. అత్త గదిలోనే ఉంది. నాన్న గేటు దగ్గరే ఆపాడు.

"ఆమె లేదు, పో. గిదేమన్న పిచ్చోళ్ల దవాఖాననా?"

వరండాలో నిలబడి విన్నాను. నోరెత్తలేదు. అదీ రాయాలి. గంట తర్వాత చెబితే అత్త చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఊరి బయట పొలం బావి అంచున కూర్చున్న ఆమెను చెయ్యి పట్టి వెనక్కి తెచ్చింది.

నాన్న ముందు నిలబడి ఒకే మాట అంది: "అన్నా, నన్ను కొట్టిపిస్తివి, ఊకున్న. ఈమెను సావుమని తోలితివి. నా పీనుగను నువ్వు ముట్టొద్దు." తర్వాత నాతో, "మీ బాపు ముట్టకుంట నువ్వు జూస్కోవాలె బిడ్డా" అంది. ఆ రోజే కిరాయి గదికి మారింది. మళ్లీ మా ఇంట మంచినీళ్లు ముట్టలేదు.

నేను వెళ్లేసరికి నాన్న తడిబట్టలతో, నిప్పుకుండ పట్టుకుని పాడె ముందు ఉన్నాడు. ఏడుస్తున్నాడు. ఊరంతా చూస్తోంది.

"బాపూ, కుండ ఇటియ్యి."

"లోకం ఏమంటదే? తోడబుట్టినోణ్ణి!"

"ఏమంటదో నువ్వే ఇను."

కుండ తీసుకుని తండా అక్క చేతికిచ్చాను. ఆమె నాన్న వైపు చూడనైనా చూడకుండా ముందు నడిచింది. భూపాలపల్లి ఆమె, నేను పాడె ముందు కొమ్ములు ఎత్తుకున్నాం. కన్నతండ్రి మీద జాలి కలగాలి, కలగలేదు. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూశాను. నాన్న అక్కడే ఉన్నాడు, కుండ ఇంకా వేలాడుతున్నట్టే చెయ్యి ముందుకు చాచి.