కొండమీద తొంభై ఏడు

లోకేశ్వరి తల్లి మునెమ్మ కొండమీద ఒక మెస్సులో పద్దెనిమిదేళ్ళు వంట చేసింది. కొండ అంటే ఏ కొండ అని తిరుపతి చుట్టుపక్కల ఎవరూ అడగరు. అడిగితే వాణ్ణి ఎగాదిగా చూస్తారు. వాళ్ళ లోకంలో ఉన్నవి రెండే చోట్లు, ఒకటి కొండమీద, రెండోది కొండకింద. మునెమ్మ వారానికోసారి బస్సులో కిందికి దిగేది. దిగినప్పుడల్లా కొండమీద కందిపప్పు మొండికేస్తోందని, ఎంత మంట పెట్టినా ఒక పట్టాన ఉడకదని తిట్టుకునేది. అదే పప్పు పాకాలలో వాళ్ళింట్లో ఇట్టే ఉడికిపోయేది.

ఎనిమిదో తరగతిలో లోకేశ్వరి ఈ సంగతే సైన్సు సారును అడిగింది. ఆయన నీళ్ళు ఎన్ని డిగ్రీలకు మరుగుతాయో చెప్పమన్నాడు. వంద అని చెప్పింది. మరి కొండమీద కాగేవి నీళ్ళు కావా, కిరసనాయిలా అన్నాడాయన. తరగతి పగలబడి నవ్వింది. వంటమనిషి కూతురికి పప్పు గొడవ తప్ప ఇంకేం పడుతుందని కూడా అని, బెల్లు కొట్టేదాకా బెంచీమీద నిలబెట్టాడు. పాఠం చెప్పడం చేతకానివాళ్ళకు ఈ నిలబెట్టడం మాత్రం భలే చేతనవుతుంది.

జవాబు ఆమెకు ఆరేళ్ళ తరువాత దొరికింది. ప్యాసింజరు బండిలో తిరుపతికి పోయి డిగ్రీ చదివే రోజుల్లో, కాలేజీ లైబ్రరీలో అట్ట ఊడిన ఒక పాత పుస్తకంలో కనబడింది. మన నెత్తిన మైళ్ళ కొద్దీ లోతున్న గాలి సముద్రం ఉంది, దాని అడుగున మనం బతుకుతున్నాం. పొయ్యిమీది గిన్నెలో నీళ్ళ మీద కూడా ఆ గాలి బరువు కూర్చుని ఉంటుంది. ఆ బరువును తోసుకుని లేవగలిగినప్పుడే నీళ్ళు మరుగుతాయి. కొండ ఎక్కితే బరువు తగ్గుతుంది, నీళ్ళు తక్కువ వేడికే తెర్లుతాయి, ఆ వేడి పప్పుకు చాలదు. లోకేశ్వరి ఆ పేజీ మూడుసార్లు చదివి, అక్కడే కూర్చుని ఏడ్చింది. సంతోషమూ ఉంది, కోపమూ ఉంది. ఇంత పెద్ద సముద్రాన్ని దాచేసి, పిల్లల చేతిలో వంద అనే ఒక్క అంకె పెట్టి పంపేశారు కదా అనిపించింది. తాను టీచరయితే ఏ పిల్లకూ అలా చేయనని ఆనాడే అనుకుంది.

టీచరయింది. పాకాల దాటాక రోడ్డు పక్కన ఉన్న ఒక ప్రైవేటు బళ్ళో ఫిజిక్సు చెప్పేది. ఆ బడికి యోగానంద కరస్పాండెంటు. బడి గోడకు వేలాడే ఫ్లెక్సీలో ఎందరు పిల్లల ఫొటోలు పడతాయన్నదే ఆయన చదువు. పాఠాలన్నీ బిట్లుగా నరికి, ఆ బిట్లను పిల్లలతో కేకలు పెట్టించి బట్టీ కొట్టించమనేవాడు. లోకేశ్వరి బిట్లు చెప్పేది, చెప్పాక ఓ పది నిమిషాలు దొంగతనంగా అసలు సంగతి చెప్పేది. చాలామంది పిల్లలు ఆ పది నిమిషాలు ఆవులించేవాళ్ళు. భానుప్రియ మాత్రం కళ్ళార్పేది కాదు.

భానుప్రియకు తండ్రి లేడు. తల్లి సుబ్బులమ్మ బంగారుపాళ్యం దగ్గర మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పని చేసేది. చెల్లెలు మునిలక్ష్మి అదే బళ్ళో ఎనిమిదో తరగతి. పదో తరగతి తరువాత భానుప్రియ ముందు రెండే దారులున్నాయి. ఒక ట్రస్టువాళ్ళు పరీక్ష పెట్టి, మండలానికి ఒక్క ఆడపిల్లకు హాస్టలుతో సహా రెండేళ్ళు ఉచితంగా ఇంటరు చెప్పిస్తారు. ఆ సీటు రావాలి, లేదంటే తల్లి పక్కన నిలబడి కాయలు కోయాలి. బడి మొత్తానికి ఆ సీటు తెచ్చుకోగల పిల్ల ఆమె ఒక్కతే.

ఒకరోజు ల్యాబులో నీళ్ళు కాచి థర్మామీటరు పెట్టారు. నీళ్ళు కుతకుతా మరుగుతున్నాయి, పాదరసం వందకు వెంట్రుకవాసి కింద ఆగిపోయింది. మిగతా పిల్లలు వంద అని రాసేసుకుని పోయారు. భానుప్రియ పోలేదు.

"ఇది వందకు రాలే మేడం. మరి వంద యాడుంటాది?" అని అడిగింది.

పదహారేళ్ళ ఉద్యోగంలో లోకేశ్వరి ఎదురుచూసిన ప్రశ్న అది. వంద సముద్రం ఒడ్డున ఉంటుందని చెప్పింది. ఎత్తుకు పోయేకొద్దీ దిగిపోతుందని చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. ఆదివారం థర్మామీటరును తువ్వాల్లో చుట్టి, ఆ పిల్లను కొండమీదికి తీసుకుపోయింది. అలిపిరి తనిఖీలో అది జ్వరం చూసేదా అని అడిగితే ఇద్దరికీ నవ్వాగలేదు. కొండమీద మునెమ్మను ఎరిగిన టీకొట్టాయన నీళ్ళు మరిగించి ఇచ్చాడు. తొంభై ఏడు. కింద మంట ఎంత పెంచినా తొంభై ఏడే. భానుప్రియ తల పైకెత్తి, ఆకాశంలో ఏదో తగ్గినట్టు చాలాసేపు చూసింది. దర్శనానికి పోదామా అంటే ఇంకోసారి నీళ్ళు కాచి చూద్దామంది. లోకేశ్వరికి తన బతుకులో అంత సంతోషం ముందూ లేదు, తరువాతా లేదు.

దిగివచ్చేటప్పుడు బస్సులో ఆ పిల్ల పరీక్షలో ఇది వస్తే ఏం రాయాలని అడిగింది. వంద అని రాసి రమ్మని చెప్పి ఉంటే సరిపోయేది. లోకేశ్వరి సంతోషంలో ఉంది.

"నిజం రాయి. చదివినోళ్ళే కదా దిద్దేది," అంది.

ఆ ప్రశ్న నిజంగానే వచ్చింది. నీరు ఎన్ని డిగ్రీల వద్ద మరుగును, ఒక మార్కు. భానుప్రియ ఖాళీలో చిన్నచిన్న అక్షరాలతో, కొండకింద ఇంచుమించు వంద, కొండమీద తొంభై ఏడు అని రాసి వచ్చింది. వచ్చి గర్వంగా చెప్పింది కూడా. లోకేశ్వరి వీపు తట్టింది.

సీటు ఒక్క మార్కులో పోయింది. పక్క ఊరి పిల్లకు వచ్చింది.

లోకేశ్వరి ట్రస్టు ఆఫీసుకు ఎనిమిదిసార్లు ఫోను చేసింది. పేపర్లు దిద్దింది విజయవాడలో. తొమ్మిదోసారి చేస్తే, పేపరు దిద్దిన ఆయనే ఫోనులోకి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. ఆ పిల్ల రాసినది తనకు గుర్తుందని, తాను గట్టిగా నవ్వుకున్నానని చెప్పాడు.

"కొండమీద తొంభై ఏడేంటండీ? నేను వారం వారం మా అమ్మవారి కొండమీదికి వెళ్తానండి. అక్కడ టీ ఇక్కడ కాగినట్టే కాగుతుంది," అన్నాడు.

ఆయనకు కొండ అంటే ఇంద్రకీలాద్రి. బెజవాడలోనూ కొండ ఒక్కటే మరి. అది నాలుగు మెట్లెక్కితే అయిపోయే కొండ. ఏ కొండో పేరు రాయాలని భానుప్రియకు తట్టలేదు, రాయించాలని లోకేశ్వరికీ తట్టలేదు. తిరుమల అని ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది కదా అనుకుంది. ఆ కొండ ఈ కొండ కాదని ఎలాగో చెప్పింది. ఏ కొండయితేనేమండీ, జవాబుల కీలో వంద అనే ఉంది కదా అని ఆయన ఫోను పెట్టేశాడు. ఇంతకీ పేరు రాసినా మార్కు వచ్చేది కాదన్నమాట. ఆ సంగతైనా ఆయన ముందు చెప్పి ఉండొచ్చు.

యోగానంద స్టాఫు అందరినీ పిలిచి, వాళ్ళ ముందు లోకేశ్వరిని నిలబెట్టాడు. ఫ్లెక్సీలో ఆ పిల్ల ఫొటోకు ముందే చోటు వదిలి పెట్టించాడట. ఇప్పుడా చోట్లో ఏ బొమ్మ వేయించమంటావని అడిగాడు. మీ అమ్మ పప్పుగిన్నె వేయిద్దామా అన్నాడు. తోటి టీచర్లు నవ్వారు. నవ్వకపోతే తమ వంతు వస్తుందని వాళ్ళకు తెలుసు. సుబ్బులమ్మను పిలిపించి, ఆమెకు క్షమాపణ చెప్పమన్నాడు.

సుబ్బులమ్మ షిఫ్టు మధ్యలో వచ్చింది. మామిడి సొనకు వేళ్ళు నల్లబడి తోలు ఊడి ఉన్నాయి. ఆమె అరుస్తుందని, శాపనార్థాలు పెడుతుందని లోకేశ్వరి సిద్ధపడింది. అరిచి ఉంటే కాస్త తేలికపడేది కూడా.

"నువ్వు మంచిదానివే మేడం. ఆ మంచితనంతోనే నా బిడ్డను చెడగొట్టినావు," అంది సుబ్బులమ్మ. వాకిట్లోకి పోయి మళ్ళీ తిరిగి వచ్చింది. "సిన్నది నీకాడే సదవల్ల. దానికి మాత్రం ఏమీ సూపించొద్దు. బుక్కులో ఉండేది చెప్పు, సాలు."

లోకేశ్వరి సరేనంది.

ఆ సరే అన్న మాటను ఆమె ఎంత గట్టిగా పట్టుకుందో చూస్తే భయం వేస్తుంది. దొంగతనపు పది నిమిషాలు పోయాయి. ల్యాబు తాళం తీయడం మానేసింది. ఎందుకు అన్న మాట వినబడితే చాలు, అన్న పిల్లను లేపి బెంచీ ఎక్కించేది. మొదట్లో ఎక్కించి రెండు నిమిషాల్లో తానే దించేసేది, తరువాత బెల్లుదాకా నిలబెట్టడం అలవాటయింది. ఈ పిల్లలకు గాలి సముద్రం తిండి పెట్టదు, సీటు పెడుతుంది, సీటు వచ్చాక ఎన్ని సముద్రాలైనా చూసుకోవచ్చు అని తనకు తాను చెప్పుకునేది. ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. యోగానంద ఆమె జీతం పెంచి, ఫ్లెక్సీలో ఆమె ఫొటో కూడా వేయించాడు.

రెండేళ్ళకు మునిలక్ష్మి అదే పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. ఒక్క మార్కు కూడా పోలేదు.

హాస్టలుకు పోయే రోజు చెల్లెల్ని వెంటబెట్టుకుని భానుప్రియ బడికి వచ్చింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, వేళ్ళు తల్లివి లాగే అయ్యాయి. ఫ్యాక్టరీలో ఇప్పుడు ఆవిరి గొట్టాల దగ్గర పని అని చెప్పింది. లోకేశ్వరికి ఆమె ముఖంలోకి చూసే ధైర్యం చాల్లేదు. చెల్లెలి తల నిమిరి, బాగా చదివావమ్మా అంది. అక్కడితో ఊరుకోలేకపోయింది. రెండేళ్ళుగా మనసులో పెట్టుకున్నది బయటికి వచ్చేసింది. నా మీద నీకు కోపం లేదా అని పెద్దదాన్ని అడిగింది.

భానుప్రియ చెల్లెలి వైపు చూసింది.

"మీమీద కోపమేముండాది మేడం. ఇది దినమ్మూ ఎందుకు ఎందుకు అని నన్ను తినేస్తా ఉండె. పోయిన ఎండాకాలం చెరకురసం తాగతా, ఐసుగడ్డ నీళ్ళల్లో మునక్కుండా ఎందుకు తేలతాదక్కా అని అడిగింది. ఎందుకో నాకు తెలుసు. మీరు చెప్పిండేదే," అంది.

లోకేశ్వరి మరి చెప్పావా అని అడిగింది.

"లేదు మేడం. చెంపమీద ఒకటి ఇచ్చినా. మళ్ళా ఎప్పుడూ అడగలే."

మునిలక్ష్మి సంచీ పట్టుకుని బుద్ధిగా నిలబడి ఉంది. ఆ ముఖంలో బాధ లేదు, ప్రశ్న లేదు, పరీక్ష నెగ్గిన పిల్ల ముఖం ఎలా ఉండాలో అచ్చం అలాగే ఉంది.

"మంచిపని చేసినావు," అంది లోకేశ్వరి.

ఆ మాట అన్నది తానేనని ఆమె తలకెక్కేసరికి అక్కచెల్లెళ్ళిద్దరూ గేటు దాటి బస్టాండు వైపు నడుస్తున్నారు. పిలవాలనుకుంది. పదో తరగతి పిల్లలు బిట్లు అప్పజెప్పడానికి వరండాలో వరుసకట్టి ఉంటే, లోపలికి పోయి పుస్తకం తెరిచింది.