జక్కమ్మ వేసిన సాంబ్రాణి

మా వీధిలో పిల్లలందరూ జక్కమ్మ కాళ్ల మీద పడుకుని నీళ్లు పోయించుకున్నవాళ్లే. నా ఇద్దరూ అంతే. వేణ్నీళ్లు పోసి, ఒళ్లు తుడిచి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, ఆ పొగలో తల ఆరబెడితేనే ఆవిడ దృష్టిలో స్నానం అయినట్టు. పొగ చాల్లే అని ఎవరైనా అన్నారో, "తల్లో నీళ్లు నిలిచి సళీ జలుబూ పట్టిందంటే నువ్వా పడేది?" అని మొహం మీదే అడిగేది. నాకు ఆవిడ నోరంటే భయం, చేతులంటే నమ్మకం.

ఆవిడ కూతురు సెల్వికి స్పిన్నింగ్ మిల్లులో పని. సెల్వి బిడ్డ యాళినికి మూడేళ్లు. పిల్లకి ఎప్పుడూ జలుబూ దగ్గూనే. దగ్గినప్పుడల్లా జక్కమ్మ ఇంకో చిటికెడు సాంబ్రాణి వేసేది. దగ్గు పెరిగేకొద్దీ పొగా పెంచింది. మేమందరం చూస్తూనే ఉన్నాం, పెద్దావిడకి తెలియదా అనుకున్నాం. మా తెలివీ ఏడ్చినట్టే ఉంది.

తమిళ నెల ఐప్పసిలో, వానలప్పుడు ఒక ఉదయం, తలంటి పొగ పట్టాక, పిల్లకి ఊపిరి అందలేదు. డొక్కలు లోపలికి లాక్కుపోతున్నాయి, మాట రావడం లేదు. నా స్కూటీ మీదే పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లాం. జక్కమ్మ వెనక కూర్చుని పిల్లని గుండెకి అదుముకుంది. పిల్ల ఊపిరిలోంచి వచ్చే పిల్లికూతలు బండి నడుపుతున్న నాకు వినిపిస్తూనే ఉన్నాయి. అంత భయం నేనెప్పుడూ పడలేదు.

ముఖానికి మాస్కు పెట్టి మందు పట్టించాక పిల్ల మెల్లగా తెప్పరిల్లింది. అప్పటికి సెల్వి కూడా మిల్లు నుంచి పరుగున వచ్చింది. డాక్టరమ్మ ఎవరినీ తిట్టలేదు. ఇలా పిల్లికూతలు రావడాన్ని వీజింగ్ అంటారని, తన దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఉన్నదేనని, ఫలానా ఒక్క కారణమని చెప్పలేమని అంది. ఇంట్లో పెద్దవాళ్లకి ఉంటే పిల్లలకీ రావచ్చు. దూది దుమ్ము, కట్టెల పొయ్యి, దోమల చుట్ట, ఏదైనా దాన్ని రేపుతుంది. సాంబ్రాణీ పొగే కాబట్టి ఇక వద్దంది. నోటితో పీల్చే మందు, పఫ్, సరిగ్గా వాడితే అందరిలాగే ఆడుకుంటుందని సెల్వికి ధైర్యం చెప్పింది.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడిగింది. సెల్వి లేదంది.

"సెల్వికి ముందు నాకొక మగబిడ్డ పుట్టినాడు, డాక్టరమ్మా," అంది జక్కమ్మ. "వానికీ ఇట్లే కూతలు వచ్చేది. సళి అనుకొంటిమి. పొద్దునా సాయంత్రమూ పొగ వేసినాను. ఏడాది నిండకముందే పోయినాడు."

అన్న ఉండేవాడని సెల్వికే తెలియదు. ఇంకే తల్లికీ ఆ కష్టం రాకూడదని, వాడు పోయాకే జక్కమ్మ ఊరి పిల్లలకి నీళ్లు పోయడం మొదలుపెట్టిందట.

"నా పొగకేనా వాడు పోయినాడు?"

అప్పుడేం జరిగిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు అవ్వా అని డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. కాదు అని ఒక్క మాట అంటే ఈ డాక్టరమ్మ సొమ్మేం పోతుందని నాకు ఒళ్లు మండింది. అనలేదు, నిజం తెలియనిదాన్ని ఎలా అంటుంది?

యాళిని మంచం మీంచి చేతులు చాచి అవ్వా అని పిలిచింది. జక్కమ్మ రెండడుగులు వేసి ఆగిపోయింది. కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

"నా చీరంతా పొగే ఉంది. నువ్వు ఎత్తుకో సెల్వీ," అని బయటికి వెళ్లిపోయింది.