కాటుక పూసిన రేకు

గద్వాలలో మాది నేత ఇల్లు. నీళ్ల పొయ్యి రాజేస్తే పొగంతా మగ్గం గదిలోకి వెళ్లేది. నిరుడు చలికాలంలో మా ఆయనకు దగ్గు పట్టుకుంది. దవాఖానలో పొగకు దూరంగా ఉండమన్నారు. ఆయన దగ్గినప్పుడల్లా మగ్గం చప్పుడు ఆగేది. అది ఆగితే నా చేతిలో పనీ ఆగేది.

ఎండకు నీళ్లు కాగే పెట్టెను ఫోన్‌లో చూశాను. చెక్కపెట్టె అడుగున అల్యూమినియం రేకు, పైన మూతగా గాజు అద్దం, అంతే. అలాంటిదే ఒకటి చేసుకున్నాను. రేకు నల్లగా ఉంటేనే వేడి పట్టుకుంటుందట. నలుపంటే నాకు తెలిసింది కాటుకే. నేను బడికి పోలేదు; అక్షరాలు నాన్న నేర్పితే, కాటుక పట్టడం అమ్మ నేర్పింది. దీపం మసిని ఆముదంతో నూరి, దేవుణ్ణి తలుచుకుంటూ రేకంతా పూశాను.

మా అత్తమ్మ చూసి, "కాటుక వెట్టినవ్ గద, ఇగ బొట్టు గూడ వెట్టు," అంది.

పెట్టెను ఎండలో పెడితే మధ్యాహ్నానికి అద్దం లోపల జిడ్డు పట్టింది. మూత తీస్తే కాగిన ఆముదం వాసన గుప్పున కొట్టింది. పక్కనే ఉన్న ఆయనకు దగ్గు తెర వచ్చి, గోడ పట్టుకుని నిలబడిపోయాడు. నయం చేయబోయి నేనే ముదరబెట్టానా అని భయపడ్డాను. చింతపండు, ఇసుక వేసి రేకును తోముతూ కూర్చున్నాను. ఆయన మెల్లగా వచ్చాడు.

"నూనె ఏడ ఆరుతది? పడుగుకు గంజి వెడ్తం గద, గట్ల వెట్టు."

పడుగు నూలుకు పెట్టగా మిగిలిన గంజిని, పాత కుంచెను ఆయనే తెచ్చిచ్చాడు. మసిని గంజిలో నలిపి, పలచగా ఒక పూత వేసి, అది ఆరాక ఇంకో పూత వేశాను. ఈసారి రేకు మెరుపు లేకుండా, పొడిగా నల్లబడింది.

మర్నాడు నీళ్ల గిన్నె పెట్టి మూత బిగించాను. మళ్లీ వాసన వస్తుందేమోనని అద్దం అంచున ఎన్నిసార్లు ముక్కు ఆనించానో. రాలేదు. నాలుగింటికి నీళ్లలో వేలు పెట్టి చప్పున తీసేశాను.

ఆయన స్నానం చేసి మగ్గం మీద కూర్చున్నాడు. ఆ రోజు పొయ్యి వెలగలేదు. నేను గుమ్మంలోనే చెవి ఒగ్గి ఉన్నాను. చీకటి పడేలోగా చప్పుడు రెండుసార్లు ఆగింది. రెండే అయినందుకు దేవుడికి దండం పెట్టుకుని, పొగ రాకుండా దీపం వత్తిని సన్నగా నులిమి వెలిగించాను.