మూడో బండి ఎక్కినప్పుడు

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని కొంత దూరం పోతే, టైల్స్ దుకాణానికీ కర్రీ పాయింటుకీ నడుమ ధర్మేందర్ షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. పదిహేనేళ్లుగా రాయిస్తాను, రాయిస్తాను అంటూనే ఉన్నాడు గాని, బోర్డు చూసి వచ్చేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆ పని అలాగే ఉండిపోయింది. హయత్‌నగర్ నుంచి, ఉప్పల్ నుంచి, ఒక్కోసారి నల్లగొండ నుంచి కూడా మొండికేసిన బండ్లను వెంటబెట్టుకుని, అడిగి తెలుసుకుంటూ వచ్చేవాళ్లు.

ఒంటి సిలిండర్ ఇంజిన్లంటే అతనికి ప్రాణం. "రెండు సిలిండర్లవి, నాలుగు సిలిండర్లవి మంచిగనే ఉంటయి. కాని ఒంటిది అబద్ధం చెప్పదు. దాని కడుపుల నొప్పి ఉంటే మన చేతికి తెలుస్తది" అనేవాడు. ఆ మాట తండ్రి బుచ్చయ్య దగ్గర నేర్చుకున్నది. బుచ్చయ్య హయత్‌నగర్ డిపోలో బస్సు మెకానిక్. కళ్లతో చూసేది సగమే, మిగతా సగం తడిమి చూడాలనేవాడు. కొడుకు ఆ విద్యను బస్సుల మీద కాక మోటార్ సైకిళ్ల మీద పెట్టాడు. ఇరవై రెండేళ్ల వయసులో మట్టి ట్రాకుల మీద పందేలకు దిగి నాలుగు కప్పులు గెలిచాడు, రెండుసార్లు భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. పద్మలతతో పెళ్లయ్యాక పందేలు మానేశాడు గాని బండి మానలేదు.

గౌతమ్ అతనికి పరిచయమై ఆరేళ్లు. గౌతమ్ తండ్రి చక్రపాణి తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో లెక్కల లెక్చరర్‌గా స్థిరపడ్డ మనిషి. కొడుకు ఇంజినీరింగ్ చదివి, రెండేళ్లు ఉద్యోగం చేసి, అది వదిలేసి బండ్ల గురించి తెలుగులో యూట్యూబ్ ఛానల్ పెట్టాడు. ఒకరోజు తన బండి గేరు బాగు చేయించుకోవడానికి వచ్చి, ధర్మేందర్ చెప్పే తీరు విని అక్కడే కూర్చుండిపోయాడు.

"అన్నా, కాగితం మీద ఏముందో నేను చెబుతాను. రోడ్డు మీద ఏముందో మీరు చెప్పండి. అంతే, మీరేం నటించక్కర్లేదు" అన్నాడు.

అలా మొదలైంది. ఏ కొత్త బండి వచ్చినా గౌతమ్ దాని బరువూ బలమూ ధరా చదివేవాడు, ధర్మేందర్ నడిపి వచ్చి నాలుగు మాటలు చెప్పేవాడు. చూసేవాళ్లు ఆ నాలుగు మాటల కోసమే ఆగేవారు. షోరూములవాళ్లు టీషర్టు ఇచ్చినా తీసుకునేవాడు కాదు. "ధర్మన్న ఏమన్నాడు?" అని తెలుసుకోకుండా కుర్రాళ్లు బండి బుక్ చేసేవాళ్లు కాదు.

ఆ వేసవిలో ఒక కొత్త సూపర్‌మోటో వచ్చింది. సూపర్‌మోటో అంటే మట్టిలో దూకే ఎత్తయిన బండికి తారురోడ్డు చక్రాలు తొడిగినట్టు ఉంటుంది. సన్నగా, తేలిగ్గా, మలుపు కనిపిస్తే చాలు ఒరిగిపోతుంది. మన దగ్గర కొనేవాళ్లు తక్కువ, కొనాలని కలలు కనేవాళ్లు ఎక్కువ. కొత్త బండి తెల్లది. దాని పోటీదార్లు రెండు, ఒకటి నల్లది, ఒకటి నీలిది. మూడూ ఒంటి సిలిండర్లే. మూడింటినీ ఒకే రోజు ఒకే చోట పోల్చి చూపిద్దామని గౌతమ్ నెల రోజులు తిరిగాడు. తెల్లది షోరూమువాళ్లు ఒక్క రోజుకు ఇచ్చారు. నల్లది ఒక స్నేహితుడి దగ్గర దొరికింది. నీలిది వంశీకృష్ణది. వంశీకృష్ణ కొత్తపేటలో బ్యాంకు ఉద్యోగి, ధర్మేందర్‌కు పాత గిరాకీ. ఆ నీలి బండి క్లచ్ ప్లేట్లు నెల కిందటే ధర్మేందర్ తన చేత్తో మార్చాడు.

అప్పటికి కొన్నాళ్లుగా ధర్మేందర్ చేతిలోంచి నట్లు జారిపోతున్నాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆలస్యమవుతోంది. పద్మలత చూసి తానే పెట్టేది. "ముసలోనివైనవా అప్పుడే?" అని నవ్వేది. అతనూ నవ్వేవాడు. నలభై నాలుగేళ్లు. ఏసీ బస్సులో పోయి వచ్చినప్పుడు పట్టే తిమ్మిరిలాగే ఇదీ పోతుందనుకున్నాడు.

పెద్ద అంబర్‌పేట్ దాటాక హైవే పక్కన కార్టింగ్ ట్రాకు ఉంది. ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే, ముగ్గురూ బండ్లతో అక్కడికి చేరారు. ధర్మేందర్ ముందుగా తెల్లది ఎక్కాడు. మొదటి మలుపు దగ్గర గేరు తగ్గించి, వెనక చక్రం కొద్దిగా జారనిచ్చి, కాలు ముందుకు చాచి తిరగాలి. అతనికి అది నిద్రలో కూడా వచ్చే పని. క్లచ్ వదిలాడు. బండి ఒక్క గుంజు గుంజి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాడు. రెండో రౌండులోనూ అంతే, క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో తెలియలేదు. ఎనిమిది రౌండ్లు తిరిగి వచ్చి హెల్మెట్ తీశాడు.

గౌతమ్ కెమెరా తిప్పాడు. "ఎలా ఉందన్నా?"

"ఇంజిన్ మంచిగుంది. మలుపుల కత్తి లెక్క తిరుగుతుంది. కాని క్లచ్ సరిగ లేదు. ఎక్కడ పడుతుందో, ఎక్కడ ఇడుస్తుందో చేతికి తెలుస్తలేదు. గింత ధర పెట్టి కొనెటోనికి ఇది ఒప్పదు. జర ఆలోచించుకోవాలె."

గౌతమ్ కళ్లు మెరిశాయి. కొత్త బండిలో ఎవరూ చెప్పని లోపం దొరకడమంటే ఛానల్‌కు అంతకంటే ఏం కావాలి.

తరువాత నల్లది. దాని క్లచ్ కూడా మొద్దుగానే అనిపించింది. పాతబడింది కదా, అరిగిందేమో అనుకున్నాడు. చెమట పట్టింది. నీళ్లు తాగి నీలిది ఎక్కాడు.

నీలి బండి క్లచ్ అతనికి తెలుసు. తాను కూర్చిన ప్లేట్లు, తాను బిగించిన కేబుల్. లివర్ సగానికి రాకముందే మెత్తగా అందుకోవాలి. లివర్ వదులుతూ వచ్చాడు. ఏమీ తెలియలేదు. ఇంజిన్ చప్పుడు మారింది, బండి కదిలింది, కాని ఆ కబురు వేళ్ల దాకా రాలేదు. ఎవరో దళసరి గోనెసంచి తొడిగినట్టు ఉంది ఎడమ చేయి. ఎడమ మలుపులో కాలు చాచాడు. చాచిన కాలు తిరిగి గేరు మీదికి రావడానికి వెతుక్కుంది. అప్పుడు అతనికి అర్థమైంది. మూడు బండ్లకూ ఒకే రోగం ఉండదు.

నెమ్మదిగా ఒక రౌండు పూర్తి చేసి దిగాడు. వంశీకృష్ణ దగ్గరికి వచ్చి, "ఏంటన్నా, మన బండేనా బెస్టు?" అని నవ్వుతూ అడిగాడు.

"మంచిగనే ఉంది" అన్నాడు ధర్మేందర్.

ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. సోమవారం చెబుదామనుకున్నాడు, మంగళవారం చెబుదామనుకున్నాడు. చెబితే నిజమైపోతుందని భయం. బుధవారం నాడు పద్మలత చారు గిన్నె అందిస్తే పట్టుకున్నాననుకుని వదిలేశాడు. మరుగుతున్న చారు ఎడమ మణికట్టు మీద పడింది. అతను కదల్లేదు. పద్మలత ఉలిక్కిపడి అతని మొహంలోకి చూసింది.

"కాలుతలేదా నీకు?"

అతను తల అడ్డంగా ఊపాడు. మర్నాడు షెడ్డుకు తాళం వేయించి, దిల్‌సుఖ్‌నగర్‌లో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు ఇందిరాదేవి పెద్దావిడ. పిడికిలి బిగించి గబగబా తెరవమంది. గీత మీద నడిచినట్టు నడవమంది. మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టి చూసింది. స్కాన్ తీయించి, శనివారం మధ్యాహ్నం పిలిచి కూర్చోబెట్టింది.

"జబ్బు చేతిలో లేదండీ, మెడలో ఉంది. వెన్నుపాము నొక్కుకుపోతోంది. పాత దెబ్బలు కూడా కారణం అయివుండొచ్చు. ఆపరేషన్ చేయాలి."

"చేస్తే చెయ్యి మంచిగైతదా అమ్మా?" పద్మలత అడిగింది.

"ఇంకా పాడవకుండా ఆపడానికమ్మా. పోయిన స్పర్శ తిరిగి వస్తుందని నేను మాటివ్వలేను." తరువాత ధర్మేందర్ వైపు తిరిగింది. "మీరు ఇక బండి నడపకూడదు. చిన్న స్కూటీ కూడా వద్దు. ఒక్కసారి పడితే మంచాన పడతారు."

ధర్మేందర్ అడిగింది ఒక్కటే. "ఎన్నాళ్లమ్మా?"

"ఎన్నాళ్లని కాదండీ. ఇక వద్దు."

అప్పటికే వీడియో బయటికి వచ్చేసింది. శుక్రవారం సాయంత్రమే గౌతమ్ పెట్టేశాడు. ఆదివారం ధర్మేందర్ షెడ్డు తెరిచి ఊరికే కూర్చుంటే, నాగోలు నుంచి ఒకతను మిఠాయి డబ్బాతో వచ్చాడు. "అన్నా, తెల్ల బండి బుక్ చేసిన. నీ మాట ఇని క్యాన్సిల్ చేసుకున్న. బచాయించినవు నన్ను" అన్నాడు. రెండేళ్ల నుంచి ఆ బండి కోసమే చూస్తున్నాడట.

ధర్మేందర్ ఆ డబ్బా తెరవలేదు. ఆటో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాడు. గౌతమ్ ఆఫీసు ఒక కోచింగ్ సెంటర్ మీది మూడో అంతస్తులో ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు రెయిలింగు పట్టుకున్నాడు. గౌతమ్ ఎదురొచ్చి సంబరంగా కంప్యూటరు చూపించబోయాడు.

"తమ్మీ, ఆ వీడియో తీసెయ్యి. నేను చెప్పింది తప్పు."

మొత్తం చెప్పాడు. మూడో బండి, చారు గిన్నె, డాక్టరు. గౌతమ్ వింటూ వింటూ కుర్చీలో కూలబడ్డాడు. తన చేతుల వంక చూసుకున్నాడు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదన్నా?" గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ.

"భయపడ్డ."

"సరే. తీసేద్దాం. కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏదో సాంకేతిక ఇబ్బంది అని రాసేస్తాను. మీ పేరు చెడకూడదు."

"తీసేస్తే సాలదు. ఆ బండి మీద నింద వేసిన. నింద ఇనెటోళ్లు ఇన్నరు, తీసేసింది ఎవరికి తెలుస్తది? మల్ల తీద్దాం. వంశీ నడుపుతడు, నేను ఒడ్డున నిలబడి చెప్తా. చెవులు మంచిగనే ఉన్నయి కదా."

గౌతమ్ కాదనలేకపోయాడు. షోరూమువాళ్లను బతిమాలి తెల్ల బండిని మళ్లీ తెచ్చాడు. ఆపరేషన్‌కు ఐదు రోజుల ముందు అదే ట్రాకు దగ్గర, మెడకు పట్టీతో, ధర్మేందర్ మలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. వంశీకృష్ణ ఒక్కో బండి మీద పది రౌండ్లు తిరిగాడు. అంత నేర్పరి కాదు గాని నిజాయితీగా నడిపాడు. దిగిన ప్రతిసారీ ధర్మేందర్ అతన్ని గుచ్చి గుచ్చి అడిగాడు. లివర్ ఎంత వదిలితే కదిలింది? వేలి కొసకు తెలిసిందా, అరచేతికి తెలిసిందా? వేడెక్కాక మారిందా? వంశీకృష్ణ చెబుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు, ఎవరి చేత్తోనో తాను తింటున్నట్టు.

తరువాత కెమెరా వైపు చూసి మాట్లాడాడు.

"పోయినసారి తెల్లబండి క్లచ్ మంచిగ లేదని చెప్పిన. అది తప్పు. లోపం బండిది కాదు, నా చెయ్యిది. నా చేతికి స్పర్శ పోయింది, ఆ సంగతి తెలిసినంక కూడ వారం రోజులు దాచిన. మూడింట్ల మెత్తటి క్లచ్ తెల్లదే. మలుపుల కూడ అదే ముందు. లాంగ్ పోయెటోళ్లు నల్లది తీసుకోండి, నిలకడ ఉంది. ఊళ్లె తిరిగెటోళ్లకు నీలిది సాలు, ఖర్చు తక్కువ. నా మాట ఇని ఎవరన్న బండి వద్దనుకుంటే మాఫ్ చెయ్యండి. ఇగ నేను బండి నడిపి చెప్పను."

గౌతమ్ కెమెరా ఆపడం మరిచిపోయాడు. ఆ తరువాతి నిమిషం కూడా రికార్డయింది. ధర్మేందర్ లేచి తెల్ల బండి దగ్గరికి పోయి, ఇంకా వేడి తెలిసే కుడిచేతిని వేడి ఇంజిన్‌కు దగ్గరగా పెట్టి నిలబడటం, వంశీకృష్ణ పక్కకు తిరిగి మొహం తుడుచుకోవడం. గౌతమ్ ఆ భాగం బయట పెట్టలేదు.

వీడియో కింద రకరకాలుగా రాశారు. చాలామంది దండాలు పెట్టారు. షోరూమువాళ్లకు అమ్ముడుపోయిన మనిషి అన్నవాళ్లూ ఉన్నారు. పద్మలత అన్నీ చదివి, మంచివి మాత్రం అతనికి వినిపించింది. నాగోలు అతను ఫోను చేశాడు. మళ్లీ బుక్ చేయబోతే వరసలో తన వంతు ఆర్నెల్లు వెనక్కి పోయిందట. కోప్పడలేదు. "ఏం కాదన్నా, ఆరోగ్యం చూసుకో" అన్నాడు. ఆ మాటకు ధర్మేందర్ ఫోను పక్కన పెట్టి తొలిసారి ఏడ్చాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. నడక కుదుటపడింది. చేయి మాత్రం డాక్టరమ్మ అన్నట్టే ఎక్కడిదక్కడ ఆగిపోయింది. దసరాకు ముందు షెడ్డు ఖాళీ చేశాడు. పానాలు, పుల్లర్లు, తండ్రి ఇచ్చిన సుత్తి, అన్నీ హయత్‌నగర్‌లో కొత్తగా షెడ్డు పెట్టుకున్న ఒకాయనకు ఇచ్చేశాడు. ఇప్పుడు పద్మలత టైలరింగ్ మీద ఇల్లు నడుస్తోంది. గౌతమ్ అప్పుడప్పుడూ వచ్చి కొత్త బండి చప్పుడు ఫోనులో వినిపిస్తాడు. ధర్మేందర్ వింటాడు, ఏదో ఒకటి చెబుతాడు. అది వీడియోలో పెడతాడో లేదో అడగడు.

వారానికి రెండుసార్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఫిజియోథెరపీ. భార్యాభర్తలిద్దరూ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కుతారు. ఇన్నేళ్లూ ఆ పట్టాల కింద రోజూ తిరిగాడు గాని అతను మెట్రో ఎక్కింది ఈ మధ్యనే. మొదటిరోజు పద్మలత కిటికీ పక్కన చోటు చూపించింది. కింద చైతన్యపురి సిగ్నల్ దగ్గర వందల బండ్లు ఆగి ఉన్నాయి. పచ్చదీపం పడింది. అద్దాల లోపలికి ఒక్క చప్పుడూ రాలేదు.

"ఇటు కూసుంటవా?" అంది పద్మలత, అతని మొహం చూసి.

"వద్దు, మంచిగనే ఉంది" అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. ఆమె లేచి అతని ఎడమ చేయి పట్టుకుంది. పట్టుకున్నట్టు చూసి తెలుసుకుని, అతను కూడా లేచాడు.