తప్పు మెట్టుది

మా మేడమీది గదిలో అద్దెకుండే హేరంబ్ కర్మార్కర్‌ది ఒకటే జబ్బు. ఏ వస్తువైనా చెడిపోకముందే దాని తరఫున క్షమాపణ రాసి అంటించేస్తాడు.

మా సదాశివ పేఠ్ పేటలో జనాన్ని గదమాయించే బోర్డు లేని ఇల్లు లేదు. నా భోజనశాలలోనూ ఉన్నాయి, అన్నీ నేను రాసినవే. "చెయ్యి కడుక్కునే చోట పళ్ళు తోమకూడదు." "ఇంకో పోళీ కావాలంటే నోరు తెరిచి అడగాలి. మాకు మనసులు చదవడం రాదు." "చల్లారిన పోళీ మళ్ళీ వేడి చేయబడదు. ఫోను మాట్లాడమని మేం చెప్పలేదు." పోళీ అంటే మా చపాతీ. నేను నాలుగో తరగతిలో బడి మానేశాను గానీ, నా బోర్డు చదివాక నోరెత్తినవాడు ఇంతవరకు లేడు. బోర్డంటే అలా ఉండాలి. చదివినవాడు జంకాలి.

హేరంబ్ అద్దెకు దిగిన వారంలోనే మెట్ల దగ్గర ఒక కాగితం వెలిసింది. "మూడో మెట్టు కదులుతుంది. మీరు జారితే తప్పు మీది కాదు, మెట్టుది. దెబ్బ తగిలితే పైన నన్ను పిలవండి. దూది ఉంది."

"ఒరేయ్, ఇల్లు నాది, మెట్టు నాది. మెట్టు తరఫున మాట్లాడటానికి నువ్వెవడివిరా?" అన్నాను.

"ఎవరైనా పడితే, ఆజీ?" కుర్రాళ్ళందరికీ నేను ఆజీని, అంటే అమ్మమ్మను.

"పడితే లేస్తారు."

"లేచి, నాకు నడవడమే రాదేమో అనుకుంటే?"

మనిషి చూస్తే ద్వారబంధానికి తల తగిలేంత పొడుగు. కుక్కర్ కూత వేస్తే కుర్చీలోంచి లేచిపోతాడు. కుళాయి మీద ఒక కాగితం, ఫ్యాను స్విచ్చు మీద ఒకటి, గొడుగు కర్రకు దారంతో కట్టి ఇంకొకటి. పెళ్ళిచూపులకు వెళ్తే ఉల్లిపాయ పోహా, అదే అటుకుల ఉప్మా, పెట్టారట. నోట్లో పెట్టుకోకముందే ఆ పిల్లతో, "ఉప్పు ఎక్కువైతే మీరేం అనుకోకండి, నేనొస్తున్నానన్న కంగారులో పడి ఉంటుంది" అన్నాడట. ఉప్పు సరిగ్గానే ఉంది. సంబంధమే చెడింది. దాని తరఫున కూడా ఏమైనా రాసిచ్చి వచ్చాడేమో, నేనడగలేదు.

ఉద్యోగం మా వెనక వీధిలోనే, జావా అనే కంప్యూటరు భాషలో వెబ్‌సైట్లు రాసే చిన్న కంపెనీలో. ఏం రాస్తావురా అంటే వంటింటి భాషలో చెప్పాడు. లేని పూరన్‌పోళీ, అదే బొబ్బట్టు, ఎవరైనా అడిగితే నాలుగువందల నాలుగు అనే నంబరు. వంటింట్లోనే మంటలు లేస్తే ఐదువందలు. ఏ నంబరు వస్తే జనానికి ఏ పేజీ చూపించాలో ముందే ఒక ఫైలులో రాసిపెట్టాలట.

"రాయకపోతే?"

"లోపలి గొడవంతా ఇంగ్లీషులో బయటికి వచ్చేస్తుంది ఆజీ. మంట లేచినప్పుడు వంటమనిషి తిట్టే తిట్లన్నీ తినేవాడి పళ్ళెంలో వడ్డించినట్టు."

ఆ మాట చెవినపడి, కూరగాయలు తరుగుతున్న మా వంటమనిషి, నన్ను కాకూ అంటూ పిన్నిలా చూసుకునే సుమన్ చెయ్యి ఆగిపోయింది. కిందటేడు దాని కూతురు ప్రాజక్తా నర్సింగు చదువుకు ఫోనులో దరఖాస్తు పెట్టింది. చివరి మీట నొక్కగానే తెల్లటి పేజీ నిండా చీమల్లా నల్లటి ఇంగ్లీషు అక్షరాలు. సర్కారు కంప్యూటరు తనే పాడుచేశాననుకుంది పిచ్చిపిల్ల. ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో దాచింది. పోలీసులొస్తారని రెండు రోజులు తలుపు తీయలేదు. గడువు దాటిపోయింది, ఏడాది పోయింది. ఈసారీ సీటు రాకపోతే బిస్కట్ల ప్యాకింగుకు పంపుతానని తండ్రి చెప్పేశాడు.

హేరంబ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "ఆ సైటు ఈ ఏడు మా కంపెనీకే వచ్చింది" అన్నాడు. మొహం పిండిలా పాలిపోయింది.

అప్పట్నుంచి రోజూ నా భోజనశాలలో, ఆ సైటు కూలితే చూపించే పేజీ గురించి అతనికీ కంపెనీ యజమాని కౌస్తుభ్‌కీ పోట్లాట.

"జారిపడే కోతి బొమ్మ పెట్టరా. జనం నవ్వుతారు" అంటాడు కౌస్తుభ్.

"కిందపడ్డవాళ్ళకు కోతిని చూపిస్తామా?"

"సరే, కనీసం మన కంపెనీ గుర్తు!"

"బొమ్మ తేవాలంటే ఈ పేజీ ఇంకో కంప్యూటరున్న చోటికి వెళ్ళాలి. ఆ చోటే కూలిపోయి ఉంటే? అప్పుడీ పేజీ కూడా పడిపోతుంది."

"పడిపోయినప్పుడు చూపించే పేజీయేరా ఇది!"

"అదే పడిపోతే?"

"అప్పుడు నేను పడిపోతాను. నా మీద కూడా ఒక కాగితం అంటించు!"

"మీ పోట్లాటలో పప్పు చల్లారితే తప్పు పప్పుది కాదు" అన్నాను. ఇద్దరూ గబగబా తిన్నారు.

తర్వాత వారాల తరబడి హేరంబ్ భోజనానికి సరిగా రాలేదు. వచ్చినా తిన్నదేమిటో అతనికి తెలియదు. ఆ పేజీలో రాసే ఒక వాక్యానికి ఇంత చిక్కిపోవాలా అనుకున్నాను.

దరఖాస్తుల ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నం నేను గిన్నెలు తోముతుంటే ప్రాజక్తా మూల బల్ల దగ్గర కూర్చుని ఫోనులో దరఖాస్తు గడులు నింపుతోంది. సుమన్ మిరపకాయలు తరుగుతూ దేవుళ్ళందర్నీ పిలుస్తోంది. పిల్ల చివరి మీట నొక్కింది. తెర తెల్లబడింది.

ప్రాజక్తా ఫోను బల్ల మీద బోర్లించి కళ్ళు మూసుకుంది. సుమన్ చేతిలో కత్తి జారి కిందపడింది.

"కాకూ, మళ్ళీ అదే! మళ్ళీ పాడుచేసింది!"

"నేనేం చేయలేదమ్మా, ఒక్కసారే నొక్కాను!" పిల్ల రెండు చేతులూ ఒళ్ళో దాచుకుంది.

ఇద్దర్లో ఒక్కరూ ఫోను ముట్టుకోరు. నేనే తిప్పాను. బొమ్మ లేదు, రంగు లేదు. మరాఠీలో, ఇంతింత లావు అక్షరాలు. పైకి చదివాను.

"పొరపాటు మాది, మీది కాదు. మీరేమీ పాడుచేయలేదు. మీరు రాసినదంతా మా దగ్గర భద్రంగా ఉంది. కాసేపాగి మళ్ళీ రండి. భయమేస్తే ఈ నంబరుకు ఫోను చేయండి."

నా గొంతు వణికిందని సుమన్ ఇప్పటికీ అంటుంది. నా గొంతు వణకదు. మిరపకాయల ఘాటు.

"భద్రమేనా, కాకూ?" అంది సుమన్.

నాకేం తెలుసు? రాయడానికేం, నేనూ గుమ్మంలో తాజా కూరగాయలని రాశాను. నంబరు నొక్కాను. అటునుంచి తెలిసిన గొంతే, నాకంటే ఎక్కువ వణుకుతూ.

"నమస్కారం. తప్పు మీది కాదు. చెప్పండి."

"హేరంబా! నువ్వా? పిల్ల రాసింది ఉందా, పోయిందా?"

"ఉంది ఆజీ. ఒక్కసారిగా అందరూ వచ్చేసరికి కూలింది. లేపుతున్నాం. ప్రాజక్తాను ఫోను ఆపొద్దని చెప్పండి. బియ్యం డబ్బాకు తాళం వేయండి."

పిల్ల ఏడుపులోంచే ఫక్కున నవ్వింది. టీ కాగేలోపు సైటు లేచింది. తెరిస్తే ఒక్క గడీ ఖాళీ లేదు, పుట్టిన తేదీతో సహా రాసింది రాసినట్టే ఉంది. మీట నొక్కింది. దరఖాస్తు అందిందని వచ్చాకగానీ సుమన్ కత్తి తీయలేదు.

రాత్రి కౌస్తుభ్ ఒక్కడే భోజనానికొచ్చాడు, బుసలు కొడుతూ.

"చూశారా ఆజీ మీ హేరంబ్‌ను? భద్రంగా ఉందని ముందు వాక్యం రాసేశాడు. అది నిజం కాదు కదరా, కూలితే అంతా పోతుంది, వాక్యం తీసెయ్యి అన్నాను. తీయనన్నాడు. దాన్ని నిజం చేస్తానని, ఒక్కో గడి నింపగానే దానంతటదే దాచుకునేట్టు ప్రోగ్రామంతా తిరగరాశాడు. ఒక్క వాక్యం కోసం! పైగా అక్కడ కంపెనీ నంబరు కాదు, తన సొంత నంబరు పెట్టుకున్నాడు."

"ఎందుకట?"

"కంపెనీ ఫోను ఎత్తకపోతే, అంటాడు!"

అంతలో హేరంబ్ వచ్చాడు, చెవికి ఫోనుతోనే. "లేదమ్మా, మీరేం చేయలేదు... ఏడవకండి... బీడ్ జిల్లా నుంచా? చెప్పండి." పళ్ళెం ముందు కూర్చున్నాడు. పోళీ ఒక్క ముక్క తుంచాడు. మళ్ళీ ఫోను మోగింది.

ఇంతకాలం నేను జనాన్ని జంకించడానికి రాశాను. వీడు జంకినవాళ్ళ కోసం రాస్తున్నాడు. ఈ సంగతి నేను వాడితో అనలేదు, అనను కూడా. చల్లారిన పోళీ బోర్డు తీసి, వెనకవైపు రాసి, వాడి బల్ల మీద నిలబెట్టాను. "ఈ పళ్ళెం ఎవరూ తీయకూడదు. అతను ఫోనులో ఉన్నాడు. పోళీ మళ్ళీ వేడి చేయబడును."

పొద్దున చూస్తే దాని కింద చిన్న కాగితం అంటించి ఉంది. "పోళీ మాడితే తప్పు ఆజీది కాదు, పెనానిది."

నా పోళీ మాడటమా! చించేద్దామని చెయ్యి వేశాను. జిగురు గట్టిది కాబోలు, రాలేదు.