ఆ కొండ మీద మా మడత కత్తులు

అరవై రెండులో, దీపావళి వెళ్లాక, మమ్మల్ని ఈశాన్య సరిహద్దులో ఒక కొండ మీదికి ఎక్కించారు. చీలమండ దాకా మంచు. ఒంటి మీద నూలు బట్టలు, కాళ్లకు మైదానాల్లో తొడిగే బూట్లు. మోర్చాలు, అంటే దాక్కుని కాల్చే గుంటలు, తవ్వమన్నారు. పారలు రెండే వచ్చాయి. మిగతావాళ్లం మడత కత్తులు తీశాం.

ప్రతి జవానుకూ ఇచ్చే కత్తి అది. ఒక పక్క బ్లేడు, ఇంకో పక్క డబ్బాలు తెరిచే కొక్కెం, వీపున తాడు ముడులు విప్పే లావాటి సూది. ఆ సూదితోనే గడ్డకట్టిన నేలను పొడిచాం. సాయంత్రానికి జానెడు లోతు దిగింది.

నా పక్క మోర్చాలో వైర్‌లెస్ చూసే ప్రభుదాసు. వాడిది మనుబోలు. నాది కోట అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డు. అంత దూరంలో నెల్లూరు మాట నాకు వినిపించేది వాడి నోటే.

"ఏం నేలన్నా ఇది? మా మడి ఎండాకాలంలో గూడా ఇంత బిగదీసుకోదే" అన్నాడు.

కొన్నాళ్లకు చైనావాళ్లు కింది లోయలోకి వచ్చేశారు. వైర్‌లెస్ సెట్‌లో ఆర్డర్ వచ్చింది: మీరే ఆఖరు, కొండ అవతలి వైపు దిగిపొండి. ప్రభుదాసు ఆ మాట మా హవల్దార్‌కు చెప్పి, లేవబోయి కూలబడ్డాడు. బూట్లు ఎంత లాగినా ఊడలేదు. నేను బ్లేడుతో తోలు కోశాను. కాలివేళ్లు బొగ్గుల్లా ఉన్నాయి.

"కోస్తా ఉండావా అన్నా? నాకేం తెలీడంలా."

కంబళిలో వేసి మోశాం. మోయడానికి మిగిలింది ఐదుగురం. దారి ఒక మనిషి పట్టేంత. ఇద్దరు జారి పడ్డారు. ఒకడికి మోకాలు విరిగింది. హవల్దార్ ఆగి, ప్రభుదాసును రాయి చాటున దించమన్నాడు.

"వెనక వచ్చేవాళ్ల దగ్గర స్ట్రెచర్లున్నాయి. నిన్ను తీసుకొస్తారు" అన్నాడు.

మా వెనక ఎవరూ లేరని అందరికంటే బాగా తెలిసినవాడు ప్రభుదాసే. సెట్ విన్నది వాడే కదా.

"సరే సార్" అన్నాడు.

మా దగ్గర ఒక్క పాల డబ్బా మిగిలింది. వాడి ఒళ్లో పెట్టాం. తెరవబోతే వాడు నన్ను ఆపాడు.

"వద్దులే అన్నా. ఇప్పుడు తెరిస్తే గడ్డకట్టిపోతాది. ఆకలైనప్పుడు నేనే తెరుచుకుంటా, నా కత్తి ఉండాది గదా. నువ్వు పో. మా అక్కకు మాత్రం కనపడు."

నేను బతికి దిగాను. కొంతకాలం ఆస్పత్రి, తర్వాత ఇంటికి సెలవు. మనుబోలు వెళ్లేసరికి వాళ్లక్క మేరమ్మ గారు మడిలో కలుపు తీస్తున్నారు. గట్టెక్కి, చేతుల బురద కడుక్కుని, ఒక్కటే అడిగారు.

"మావోడు ఆకలితో పోలేదు గదా నాయనా?"

"లేదక్కా. పాల డబ్బా ఇచ్చి వచ్చినాం."

"అంతే చాలు" అని ఆమె మళ్లీ మడిలోకి దిగారు.

ఆ రోజు కొండ మలుపులో నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. మేము వెళ్లిపోయామనుకున్నాడేమో, వాడు చేతివేళ్లు వంగక కత్తిని రెండు మణికట్ల మధ్య ఇరికించి డబ్బా మీద పొడుస్తున్నాడు. కొక్కెం జారుతోంది. మళ్లీ పెడుతున్నాడు. మళ్లీ జారుతోంది.